ఉమ టీచర్ తీసిన గుట్ట

భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు చెప్పే ఉమకు నచ్చిన మనుషులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నచ్చనివాళ్ల గురించి అడిగితే మాత్రం పొద్దుగూకే దాకా చెప్తుంది. ఎల్‌కేజీ గోడల మీద టై కట్టుకున్న కుందేళ్లను వేయించే కరస్పాండెంటు ఆ వరుసలో మొదట ఉంటాడు. తమ పిల్ల గీసిన చెట్టుకు ఆకుపచ్చ రంగు ఎందుకు వేయించలేదని డైరీలో రాసి పంపే తల్లులు ఆ తరువాత. పొద్దున లేస్తూనే గులాబీ పువ్వు మీద శుభోదయం రాసి ఫోనుకు పంపే తోటి టీచర్లను ఆమె మనుషుల్లోనే జమకట్టదు.

వీళ్లందరికంటే అధ్వాన్నం, పెళ్లికి ముందు ఫొటోలంటూ రేగొండ అవతలి పాండవుల గుట్టలకు వచ్చే జంటలు. పిల్ల ఎర్ర గౌను తోక ఈడ్చుకుంటూ రాళ్లెక్కుతుంది. పిల్లగాడు నల్లద్దాలు పెట్టుకుని ఆమె ముందు మోకాళ్ల మీద కూచుంటాడు. ఇంకొకడు డబ్బాలోంచి రంగు పొగ వదుల్తాడు, నెత్తిమీద డ్రోను కందిరీగలా గుయ్యిమంటుంది. ఎన్ని యుగాల కిందటిదో తెలియని ఆ రాతిగోడ వాళ్లకు స్టేజీ వెనక కట్టే పరదా. ఉమ దూరంగా ఓ బండ మీద కూచుని, వాళ్లెప్పుడు దిగిపోతారా అని చూస్తుంటుంది. ఒక్కోసారి డ్రోను చెట్టుకు తగులుకుని కింద పడుతుంది. ఆ వారమంతా ఆమె బడిలో పిల్లలను తిట్టదు.

ఆమె పుట్టింది జనగామలో, బ్రహ్మానందం అనే హోల్‌సేల్ కిరాణా వ్యాపారి ఇంట్లో. ఉగాదికి గిరాకీలకు పంచే క్యాలెండరు మీద ఏ దేవుణ్ణి వేయించాలన్నదే ఆ ఇంట్లో బొమ్మల గురించి జరిగిన ఏకైక చర్చ. బిడ్డ బొమ్మల చదువు చదువుతానంటే తండ్రి నవ్వి, పెళ్లయ్యేదాకా ఏదో ఒకటిలే అని హైదరాబాదు పంపాడు.

ఆ కాలేజీ లైబ్రరీలో, కింది అరలో, ఎవరూ ముట్టని ఒక పెద్ద పుస్తకం ఉండేది. పాత చైనా సిరా బొమ్మలు. ఉమ ఓ మధ్యాహ్నం ఫ్యాను కింద కూచుని దాన్ని తెరిచింది. నిలువుగా, సన్నగా, చీర కొంగు వేలాడదీసినట్టు పొడుగాటి బొమ్మ. కింద కొండ అడుగు ఉంది, పైన కొండ కొస ఉంది, నడుమ ఏమీ లేదు. ఉత్త కాగితం. ఆ ఉత్త కాగితమే మంచు. మంచును ఎవరూ గీయలేదు. అటూ ఇటూ రాళ్లు గీసి, మిగిలిన పనిని కాగితానికి అప్పజెప్పి చెయ్యి తీసేశారు. ఆ రోజు నుంచి ఆమెకు తన తరగతిలోవాళ్లు వేసే తామరపూలు, బుద్ధుడి సగం ముఖాలు కనబడితే పక్కకు తిరిగి కూచునేది.

తానూ అట్లా వేద్దామని కూచుంది. నల్ల సిరా, మెత్తటి కుంచె తెచ్చుకుని కాగితాలకు కాగితాలు పాడుచేసింది. ఆ బొమ్మలు వేసినవాళ్ల చేతిలో ఉన్న ఒడుపు తన చేతిలో లేదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఇతరులను చూసినట్టే తన చేతినీ చూసింది, ఏవగింపుగా. అప్పుడు కెమెరా పట్టింది. కెమెరాకు చెయ్యి తిరగక్కరలేదు, ఓపికుంటే చాలు. మబ్బు దిగేదాకా కూచోవడం ఆమెకు చేతనవును.

చదువయ్యాక మానుకోటలో మిర్చి వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు. భర్త వెంకట్రాం మంచివాడు, ఆ మంచితనం తప్ప అతనిలో ఇంకేమీ లేదు. ఇంట్లో అన్ని గదుల్లోనూ మిర్చి బస్తాలే. ఆమె తీసిన నలుపు తెలుపు ఫొటోలు చూసి, రంగుల రీలు దొరకలేదా అని అడిగేవాడు. తరువాత స్విట్జర్లాండు క్యాలెండరొకటి తెచ్చి, జర గిట్ల తియ్యరాదా అన్నాడు. ఏవో కొన్నేండ్లు తుమ్ముకుంటూ కాపురం చేసి, ఒకరోజు కెమెరా, బట్టలు సర్దుకుని బయటికి వచ్చింది. ఎందుకు వచ్చావని పుట్టింటివాళ్లు అడిగితే, మిర్చి ఘాటు పడలేదని చెప్పింది. అబద్ధం కాదు. జనగామ తిరిగి వెళ్లి దుకాణంలో కూచోవడం ఇష్టం లేక, గుట్టలకు దగ్గరని భూపాలపల్లిలో ఈ బడి చూసుకుంది.

ఇన్నేండ్లలో ఆమె విసుక్కోకుండా పక్కన కూచోనిచ్చిన మనిషి వాల్యా ఒక్కడే. గుట్ట కింది తండాలో ఉంటాడు, మేకలు కాస్తాడు. మొదటిసారి చూసినప్పుడు ఆమె గొడుగు కింద గొంతుకూచుని ఉంది. ఏం పోగొట్టుకున్నవు మేడం అని అడిగాడు. జవాబు రాకపోతే ఇంకో మాట అడక్కుండా తానూ ఓ బండ మీద కూచున్నాడు. ఆ ఒక్క గుణంతో అతను ఆమెకు నచ్చాడు. ఆ తరువాత ఎప్పుడు వచ్చినా స్టాండు మోసేవాడు, పెళ్లి జంటలను అటువైపు దారి లేదని చెప్పి మళ్లించేవాడు. తీసిన ఫొటో ఎట్లుందో చూస్తానని ఏనాడూ అడగలేదు.

పోయిన వానాకాలం ఒక పొద్దున ఆమె ఏండ్లుగా చూస్తున్న మబ్బు దిగింది. గుట్ట నడుమ్మీదికి పాల మీగడలా పరుచుకుని నిలిచింది. పైన రాతి కొస, కింద తడి చెట్లు, నడుమ తెల్లటి ఖాళీ. ఒక్కటే కొరత, ఆ పాత బొమ్మల్లో అడుగున ఎక్కడో ఒక మనిషి ఉంటాడు, బియ్యపు గింజంత. వాల్యా యూరియా బస్తాను ఒక మూల లోపలికి మడిచి, తలమీంచి వీపు మీదికి వేసుకుని ఉన్నాడు. దూరం నుంచి అచ్చం ఆ బొమ్మల్లో జాలరి కప్పుకునే గడ్డి కోటులా కనిపించింది. ఉమ అతన్ని కిందికి, బాగా దూరంగా, ఒక బండ పక్కకు పంపింది.

"ఫొటోనా మేడం?" అని అక్కడినుంచి కేక వేశాడు.

"ఔను, నీ ఫొటోనే. కదలకు."

వాల్యా బస్తా తీసి, వెంట్రుకలు సవరించుకున్నాడు. ఉమ గొంతు చించుకుని మళ్లీ కప్పుకొమ్మంది. పాపం, వానలో ఆ మనిషి ఛాతీ విరుచుకుని, కెమెరా వైపు ముఖం పెట్టి, ఆమె చాలు అనేదాకా నిలబడ్డాడు.

ఆ ఫొటోను ఆమె చేత్తో చేసిన కాగితం మీద నిలువుగా, సన్నగా అచ్చు వేయించింది. ఆమెకు నచ్చింది. తనది తనకు నచ్చడం అరుదు.

జనగామలో వర్ణశోభ అని ఒక కళాసంఘం ఉంది. దాని అధ్యక్షుడు దయాకర్ రిటైరైన అధికారి, సూర్యాస్తమయాల ఫొటోలు తీసి కింద తన కవిత అచ్చు వేసుకుంటాడు. సూర్యుడికి నోరుంటే ఏనాడో కేసు పెట్టేవాడని ఉమ అంటుంది. ఆ సంఘం ఈ ఆగస్టులో ప్రకృతి ఫొటోల పోటీ పెట్టింది. కంప్యూటరుతో పుట్టించిన బొమ్మలు పనికిరావని నిబంధన. తిట్టుకుంటూనే ఉమ తన గుట్టను పంపింది. మనిషికి లోకమంటే ఎంత రోత ఉన్నా, తన పనిని నలుగురూ చూడాలన్న యావ ఏదో మూల ఉంటుంది. అది చాలక, జనగామలో నీ ఫొటో పెడుతున్నారని వాల్యాకు చెప్పింది.

ఫంక్షన్ హాలుకు వెళ్లేసరికి వాల్యా ముందే వచ్చి ఉన్నాడు. తెల్ల ధోతి, కొత్త అంగీ, ఎర్ర రుమాలు చుట్టుకున్నాడు. పక్కన భార్య సుక్కి, అద్దాల రవిక, వెండి సొమ్ములన్నీ వేసుకుని, పెండ్లికి వచ్చినట్టు ఉంది. పొద్దున మొదటి బస్సుకు బయల్దేరి వచ్చారట. వాళ్లను చూస్తే ఉమకు ఎందుకో చిరాకు వేసింది. ఇది జాతర అనుకున్నారా అనుకుని, పలకరించి ముందుకు వెళ్లిపోయింది.

మొదటి బహుమతి జనగామలో స్టూడియో నడిపే హరీశ్‌ది. 'పాండవుల గుట్ట, ఉదయం' అని పేరు. ఉమ దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. గుట్ట మీద గొడుగుల్లాంటి దేవదారు చెట్లు. నడుమ నారింజపండంత సూర్యుడు. రెండు తెల్ల కొంగలు. ఓ మూల వంపు తిరిగిన చిన్న వంతెన. మంచు ఎంత ఉందంటే, సబ్బు నురగలా కారుతోంది. ఏ చైనా హోటలు గోడ మీదైనా సరిపోయే సరుకు. హరీశ్ కంప్యూటరుకు నాలుగు మాటలు టైపు చేసి చెప్తే అది వేసిచ్చిందని తెలియడానికి చదువు అక్కరలేదు, ఒక్కసారి రేగొండ బస్సెక్కి వెళ్లి ఉంటే చాలు.

ఆమె ఆ మాట హరీశ్‌నే అడిగింది. నేనే తీసిన మేడం, కొంచెం టచప్ చేసిన అన్నాడతను, కళ్లు పక్కకు తిప్పి. ఇంతలో దయాకర్ వచ్చాడు. ఆయన ముఖం నిండా మర్యాద. మేడం, మీదే కొంచెం ఇబ్బందైంది అన్నాడు. తన ఫోనులో ఒక యాప్ ఉందట. ఫొటో చూపిస్తే అసలుదో యంత్రం వేసిందో చెప్తుందట. హరీశ్ గుట్టను అసలుదంది. ఉమ గుట్టను యంత్రం బొమ్మ అంది.

"పైగా ఈ మనిషిని చూడండి" అని దయాకర్ గాజు మీద వేలు పెట్టాడు. "గడ్డి కోటు, నెత్తిన ముసుగు. మన దగ్గర ఇట్లాంటి వేషం ఎక్కడిది? చైనా పెయింటింగులోంచి తెచ్చి అతికించినట్టు ఎవరికైనా తెలుస్తుంది."

నలుగురు మూగారు. అసలు ఫైలు చూపిస్తే మీది పోటీలోంచి తీసెయ్యం, కన్సొలేషన్ బహుమతికైనా పెడతామని ఆయన బతిమాలినట్టే అన్నాడు. ఫైలు ఆమె సంచిలోనే, ల్యాప్‌టాపులో ఉంది.

"నా దగ్గర ఉన్నది. చూపియ్య" అంది ఉమ.

ఎందుకని అడిగారు వాళ్లు. చూపిస్తే వీళ్లు నమ్ముతారు. వీళ్లు నమ్మడమే ఆమెకు అవమానం. దేవదారు చెట్టుకు, ఇప్పచెట్టుకు తేడా తెలియనివాళ్ల చేత నిజమనిపించుకోవడం కంటే అబద్ధమనిపించుకోవడం మేలని ఆమెకు తోచింది. అప్పుడే గుంపు వెనక నుంచి వాల్యా ముందుకు వచ్చాడు. మేడంను ఏదో అంటున్నారని అర్థమైంది అతనికి.

"గా ఫొటోల ఉన్నది నేనే సార్" అన్నాడు.

గుంపు పక్కకు జరిగింది. దయాకర్ ఎర్ర రుమాలు నుంచి చెప్పుల దాకా అతన్ని చూసి, నవ్వాపుకుంటూ, అయితే చూసి చెప్పు, నువ్వేనా అన్నాడు. వాల్యా ఆ ఫొటోను అంతకు ముందు చూడలేదు. హాలంతా తిరిగి తన ముఖం కోసం వెతికి, ఇంకో గదిలో పెట్టారేమో అనుకున్నాడు. ఇప్పుడు దగ్గరికి వచ్చి, దయాకర్ వేలు చూపించిన చోట వంగి చూశాడు. కళ్లు లేవు, మీసం లేదు. చేతులున్నాయో లేవో తెలియదు. ఓ నల్లటి నలక, దాని నెత్తిన బస్తా. సుక్కి కూడా వంగి చూసి, తమ భాషలో మెల్లగా ఏదో అంది. వాల్యా నిటారుగా నిలబడి ఉమ ముఖంలోకి చూశాడు. ఉమ అతన్ని చూస్తూనే ఉంది.

"ఎవలో సార్" అన్నాడు. "నేనైతే గాదు."

హాల్లో పెద్దగా నవ్వులు లేచాయి. దయాకర్ పాపం నవ్వలేదు. ఉమ భుజం దగ్గర గాలిని తట్టి, ఫరవాలేదు మేడం, వచ్చే ఏడాది అన్నాడు. ఆ ఓదార్పే ఆమెకు అన్నిటికంటే నీచంగా అనిపించింది. మేకు నుంచి ఫొటో తీసుకుని చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

హనుమకొండ బస్టాండులో భూపాలపల్లి బస్సు కోసం కూచుంటే, వాల్యా, సుక్కి కూడా అక్కడే వచ్చి దిగారు. వాళ్ల ఊరికీ అదే బస్సు. చివరికి ఉమే కదిపింది. తెలిసి ఎందుకు కాదన్నావని అడిగింది. వాల్యా రుమాలు విప్పి మడతపెట్టుకుంటూ కూచున్నాడు. సుక్కి అందుకుంది.

"అక్కా, తండల అందరికి చెప్పొచ్చినం. మానుకోట కాడ మా తమ్మునికి గూడ ఫోన్ చేసి చెప్పిన. గంతమందిల ఈయనను ఈగంత జేసి పెట్టినవు. ఇంటికి పోయి ఏం జెప్పాలె మేము?"

ఉమ చెప్పబోయింది. చైనాలో పాతకాలపువాళ్లు అట్లాగే వేసేవాళ్లని, కొండ ముందు మనిషి చిన్నవాడని చూపించడమే అందులో గొప్పతనమని, అది అవమానం కాదు, గౌరవమని. తన గొంతు బడిలో మాట్లాడినట్టే ఉందని ఆమెకే వినిపించింది.

"గుట్ట ముంగట చిన్నగుంటమని మాకెరుక లేదా?" అంది సుక్కి. "దినాం దాని కిందనే బతుకుతున్నం. గా ముచ్చట చెప్పెతందుకు ఫొటో ఎందుకక్కా?"

అప్పుడు వాల్యా నోరు విప్పాడు. "నీ ఫొటో అని చెప్పి నువ్వు గుట్టను తీసినవ్ మేడం. గుట్టనే తీస్తున్న, నువ్వు జర ఆసరాకు నిలబడు అంటే నిలబడకపోదునా?"

బస్సు వచ్చింది. వాళ్లు వెనక సీట్లో కూచున్నారు, ఆమె ముందు. దారిపొడుగునా ఆమె లోపల ఉడికిపోయింది. వీళ్లూ అంతే, మానుకోట మిర్చి ఇంటివాళ్లకు, వీళ్లకు తేడా లేదు, ముఖం కనబడితేనే బొమ్మ వీళ్లకు అనుకుంది. పరకాల దాటేసరికి ఆ తిట్లు కూడా రుచి తప్పాయి.

ఇంట్లో ఫొటోను గోడకు ఆనించి కూచుంది. ఇన్నాళ్లూ కనబడనిది ఆ రాత్రి కనబడింది. ఆ పాత బొమ్మల్లో మనిషి గింజంతే ఉన్నా, ఏదో ఒక పని మీద ఉంటాడు. వంతెన దాటుతుంటాడు, పడవ తోస్తుంటాడు, గాడిదెక్కి దోస్తు ఇంటికి పోతుంటాడు. అతను పోతున్నాడు కాబట్టే కొండకు అంత ఎత్తు. తన బొమ్మలో వాల్యా ఎటూ పోవడం లేదు. పాతిన గుంజలా ఉన్నాడు. ఆమె నిలబెట్టింది కనుక నిలబడ్డాడు. దయాకర్ అతికించారన్నది తప్పే, కాని అతికించినట్టే ఉంది. ఆ మనిషి నోట ఒక్క సరైన మాట పొరపాటున రావడం ఆమెకు మింగుడు పడలేదు. ఫొటోను తిప్పి, ముఖం గోడవైపు పెట్టింది.

దసరా సెలవుల్లో తండాకు వెళ్లింది. క్షమాపణ చెప్పడం ఆమెకు రాదు, చెప్పలేదు. కెమెరా తీసి, కూచో అంది వాల్యాతో. అతను కాసేపు బెట్టు చేశాడు. తరువాత ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రుమాలు చుట్టి, అల్లుడి గడియారం అరువు తెచ్చి పెట్టుకుని, ఓ చేతిలో ఫోను పట్టుకుని కూచున్నాడు. ఉమకు ముఖాలు తీయడం రాదని అప్పుడు బయటపడింది. గుట్ట రెప్ప వేయదు. వాల్యా ప్రతిసారీ వేశాడు. నవ్వమంటే బిగుసుకుపోయాడు, నవ్వొద్దంటే నవ్వాడు. ఆమె విసుక్కుంది. సుక్కి ఆమెనే విసుక్కుంది. చుట్టూ చేరిన తండా ఆడవాళ్లు ఇద్దరినీ చూసి నవ్వుకున్నారు. చివరికి కళ్లు తెరిచి ఉన్న ఒక ఫొటో కుదిరింది. ఆధార్ కార్డు మీద వేసుకోవచ్చు, అంతకంటే దానిలో ఏమీ లేదు.

వెనకాల తమ రేకుల గోడ బాగాలేదని సుక్కి అంది. జనగామలో చూసిన ఎర్ర సూర్యుడి గుట్ట పెట్టాలట, కొంగలతో సహా. ఆ గుట్ట దొంగదని, అట్లాంటిది భూమ్మీద లేదని ఉమ చెప్పింది. లేకుంటే ఏంది, మంచిగున్నది అంది సుక్కి. ఉమ భూపాలపల్లిలో, ఏండ్లుగా తాను గుమ్మం తొక్కని ఒక రంగుల స్టూడియోకు వెళ్లి, ముఖం పక్కకు పెట్టుకుని ఆ పని చేయించింది. కొంగలు రెండు చాలా అని అక్కడివాడు అడిగితే, ఇంకో రెండు వేసుకో, నీ ఇష్టం అంది.

ఫ్రేము కట్టించి తీసుకెళ్లింది. తలుపుకు ఎదురుగా గోడకు మేకు కొట్టారు. బొమ్మలో వాల్యా కుర్చీలో రాజులా కూచుని ఉన్నాడు, అతని భుజం కంటే గుట్ట కిందికే ఉంది. తండా అంతా వచ్చి చూసి పోయింది. వాల్యా దుమ్ము లేకున్నా దస్తీతో అద్దాన్ని ఓసారి తుడిచాడు. సుక్కి చాయ్ తెచ్చి, ఎట్లున్నదక్కా అని అడిగింది.

అబద్ధం చెప్పడం ఉమకు చేతకాదు. తాను జన్మలో తీసినవాటిలో ఇంత చెత్త ఫొటో ఇంకొకటి లేదని చెప్పింది.

"నచ్చకుంటే నచ్చకపాయె" అంది సుక్కి, గ్లాసు ఆమె చేతిలో పెడుతూ. "నీ ఇంట్ల పెట్టుకుంటున్నవా ఏంది?"